మలేరియా జ్వరము – మన రక్తము
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను వైద్యుణ్ణి కాను. మెట్రిక్యులేషన్ చదివి, రాయగడ ప్రాంతములో రైల్వే గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి. పండుగపూట జ్వరము గొడవ యేమిటని మీరనుకోవచ్చును. రెండేండ్ల క్రిందట మలేరియా నాకు నేర్పిన పాఠము, ఈ కొండప్రాంతములో కాపురమున్న మన కుటుంబములకు ఉపయోగపడుతుందనే ధైర్యముతో నిలబడ్డాను.

ఆ వానకాలములో వణుకుతో జ్వరము వచ్చింది. రక్తము పరీక్షించి, వైవాక్స్ మలేరియా అన్నారు. మూడు రోజుల మాత్రలు పూర్తిగా మింగాను. 14 రోజులు వేసుకోవలసిన ప్రిమాక్విన్ మాత్రలను మాత్రము నాలుగవనాటికే మానేశాను. జ్వరము లేదు గదా, ఇంక మందెందుకని! రెండున్నర నెలలకు మళ్ళీ అదే వణుకు. ఈసారి స్టేషను వంతెన మెట్లు సగము ఎక్కేసరికే ఆయాసము, కళ్ళు తిరగడము. హిమోగ్లోబిన్ 8 గ్రాములని తేలింది. మగవారికి 13కు తగ్గకూడదట. రక్తహీనత ఆడవారికీ పిల్లలకూ వచ్చేదనుకొనే నాకు ఆశ్చర్యమయింది.

అప్పుడు డాక్టరుగారు నాకు తెలిసిన భాషలోనే చెప్పారు. రక్తములోని ఎర్రకణములు ప్రాణవాయువును మోసే వ్యాగన్ల వంటివి. ఒక్కొక్కటి సుమారు 120 రోజులు పనిచేస్తుంది. ఆడ అనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు ప్రవేశించిన క్రిమి, ముందు కాలేయములో పెరిగి, తరువాత ఈ కణములలో దూరుతుంది. హిమోగ్లోబిన్‌ను తిని, సంతతిని పెంచి, కణమును పగులగొట్టుకొని వస్తుంది. వైవాక్స్‌లో ఇది సుమారు 48 గంటల కొకసారి. చలిజ్వరము అప్పుడే. అంతేగాక, క్రిమి సోకని మంచి కణములు కూడా ప్లీహములో నశిస్తాయి. మన పెద్దలు “కడుపులో బల్ల” అనేది ఈ ప్లీహము వాచినప్పుడే. ఎముకల మూలుగలో కొత్త కణముల తయారీ కూడా మందగిస్తుంది. ఉన్న వ్యాగన్లు విరిగిపోతూ, కొత్తవి రాకపోతే సరుకు ఎలా కదులుతుంది?

రక్తము గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు కూడా మలేరియాలో తరచు పడిపోతాయి. లక్షన్నరకు పైన ఉండవలసినవి నాకు 60 వేలే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ డెంగ్యూ అని హడలిపోయారు. సరియైన మందు పడితే అవి సాధారణముగా కొద్దిరోజులలోనే పెరుగుతాయి. నాకూ అలాగే పెరిగాయి.

ఫాల్సిపారమ్ అనే రకము మరీ ప్రమాదము. అది పట్టిన కణములు సన్నని రక్తనాళముల గోడలకు అంటుకొని, మెదడుకూ మూత్రపిండములకూ రక్తము సరిగా అందనీయవు. తెలివి తప్పినా, మూత్రము తగ్గినా గంట కూడా ఆలస్యము పనికిరాదు.

మరొక సంగతి. మలేరియా ఎడతెగని చోట ఏండ్ల తరబడి ఉన్న పెద్దవారికి జ్వరము తీవ్రముగా రాకపోవచ్చును. క్రిమి కొద్దికొద్దిగా రక్తములో నిలిచి, మనిషి పాలిపోతాడు. వయస్సని, పనిభారమని మనము సరిపెట్టుకుంటాము.

ఈ క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ గుర్తించినది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. అంత దగ్గర సంబంధమున్న జబ్బును మనమే తేలికగా చూడడము న్యాయమా?

కనుక నా మనవి యిది. జ్వరము వస్తే ఆనాడే రక్తపరీక్ష చేయించండి. ఆశా కార్యకర్త వద్ద కూడా చేయించుకోవచ్చును. మాత్రలు చివరిదాకా మింగండి. ఆ 14 రోజుల మందు, కాలేయములో దాగిన వైవాక్స్ క్రిమిని చంపడానికే. అయితే గర్భిణులు దానిని వాడరాదు. జి6పిడి లోపమున్నవారికి అది ఎర్రకణములనే విరగగొట్టవచ్చును. మూత్రము నల్లబడితే ఆపి, వెంటనే వైద్యునికి చూపించాలి. జ్వరము తగ్గిన కొన్ని వారములకు హిమోగ్లోబిన్ మరల చూపించుకోండి. రాత్రి దోమతెర మరువకండి.

ఈ ఉదయము మనమందరమూ వేపపువ్వు చేదును మొగము చిట్లించకుండా మింగాము. ఆ చేదు మలేరియాను కుదర్చదు గాని, చేదుమందును సగములో విడువరాదనే బుద్ధిని గుర్తు చేస్తుంది. నేను విడిచి నష్టపోయాను. మీరు విడువకండి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.