పంచాంగంలో చెప్పని వ్యయం

(మస్కట్‌లో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంతకు ముందే పంచాంగ శ్రవణం జరిగింది. ఏ రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో విన్నాము. వ్యయం ఎక్కువగా ఉన్న రాశివారు కొంచెం దిగులుపడ్డారు, పక్కవారు నవ్వారు. అయితే ఈ ఊళ్ళో కాపురం చేసేవారికి, రాశి ఏదైనా సరే, తప్పని వ్యయం ఒకటున్నది. మే నెలలో తలెత్తి సెప్టెంబరు దాకా దిగదు. అది కరెంటు బిల్లు. దానిని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని అడిగారు. మేము ఉపన్యాసకులం కాము. నాలుగైదు ఇళ్ళవాళ్ళం ఒకచోట కూర్చుని, బిల్లులు ముందు పరచుకుని మాట్లాడుకున్నాము. ఆ మాటలే మీ ముందు పెడుతున్నాము.

చలిదేశాల్లో ఉన్న మన బంధువులను అడిగితే వారి బాధ వేరుగా చెబుతారు. ఇంగ్లండులో ఒక సగటు కుటుంబం గ్యాసుకు, కరెంటుకు ఏడాదికి ఎంత చెల్లించవలసి వస్తుందో లెక్కగట్టి అక్కడి నియంత్రణ సంస్థ ఒక పరిమితి ప్రకటిస్తుంది. అది 2021 అక్టోబరులో 1,277 పౌన్లు. 2022 ఏప్రిల్‌లో 1,971 పౌన్లు. యుక్రెయిన్ యుద్ధం వచ్చి గ్యాసు ధర మండిపోయిన తర్వాత, ఆ అక్టోబరు నుంచి 3,549 పౌన్లు కావలసి ఉండగా ప్రభుత్వం అడ్డుపడి 2,500 దగ్గర నిలిపింది. ఆ చలికాలం రాకముందే జనం బెంగ పెట్టుకున్నారు. హీటరు వేసుకోవాలా, వంట చేసుకోవాలా అన్నంత దాకా వచ్చింది కొన్ని ఇళ్ళలో. అప్పుడు గ్రంథాలయాలు, చర్చిలు, సంఘాల హాళ్ళు తలుపులు తెరిచి, ‘ఇక్కడ వెచ్చగా ఉంది, వచ్చి కూర్చోండి’ అని ముసలివాళ్ళను పిలిచాయి. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి. దీనితో మనకు పని ఉన్నది.

వాళ్ళ చలికాలమెట్లాంటిదో మన ఎండాకాలం అట్లాంటిది. మస్కట్‌లో చలి అంటే పిల్లలకు వేడుక. జెబెల్ అఖ్దర్ మీద సైఖ్ గ్రామంలోనో, జెబెల్ షమ్స్ మీదనో అయితే శీతాకాలపు రాత్రుల్లో నీళ్ళు గడ్డకడతాయి, అక్కడివారికి హీటరు కావాలి. కింద సముద్రపుటొడ్డున ఉన్న మనకు మాత్రం వేసవే గండం.

ఇది నిన్నటి మాట కాదు. 1442లో అబ్దుర్ రజాక్ అనే పారశీక రాయబారి హోర్ముజ్ నుంచి మన దేశానికి బయలుదేరి, దారిలో మస్కట్‌లో, ఖురియాత్‌లో చిక్కుకున్నాడు. ఇక్కడి ఎండను గురించి ఆయన రాసిపెట్టినది చదివితే నేటికీ ఒళ్ళు చెమటలు పడుతుంది. జబ్బుపడి, బతికి బట్టకట్టి, చివరికి మన విజయనగరానికి, రెండవ దేవరాయల కొలువుకు చేరాడు. అదే ఖురియాత్‌లో 2018 జూన్ 26న రాత్రి సైతం ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకు దిగువకు రాలేదు. రోజులోని కనిష్ఠ ఉష్ణోగ్రత అంతగా ఉండడం ప్రపంచంలో అప్పటికి ఎక్కడా నమోదు కాలేదు. బెజవాడ ఎండలు, రామగుండం ఎండలు ఎరిగిన మనవాళ్ళు కూడా తెలుసుకోవలసిన తేడా ఇక్కడే ఉంది. మన ఊళ్ళో పగలు కాల్చినా, రాత్రి డాబా మీద నీళ్ళు చల్లి పక్క వేసుకుంటే తెల్లవారుజాముకు కాస్త ప్రాణం లేచివస్తుంది. ఇక్కడ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. రాత్రి అయినా ఒళ్ళు చల్లబడదు. అందుచేత ఇక్కడ ఏసీ విలాస వస్తువు కాదు. మంచినీళ్ళలాగా అది కూడా అవసరమే.

పూర్వం ఒమానీలు ఏం చేసేవారని పిల్లలు అడుగుతారు. బాతినా తీరంలో ఖర్జూరపు మట్టలతో ఇళ్ళు కట్టుకునేవారు. ఆ మట్టల సందుల్లోంచి సముద్రపు గాలి వచ్చేది. మస్కట్ కొండల మధ్య ఉండేవారు వేసవిలో ఇళ్ళు వదిలి ఖర్జూరపు తోటలకు తరలిపోయేవారు. ఖర్జూరం పండే కాలమూ అదే. 1970 తర్వాత దేశం మారింది. చమురు డబ్బుతో రోడ్లు, ఆసుపత్రులు, బడులు వచ్చాయి. 1976లో ఘుబ్రా విద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టింది. మనవాళ్ళు కూడా ఆ రోజుల నుంచే రావడం మొదలు. ఇంజనీర్లు, నర్సులు, తాపీపనివారు, కోనసీమ నుంచి, కడప నుంచి, కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి వచ్చారు. వారి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు ఈ సభలో మన ముందు వరుసలో కూర్చున్నారు.

చాలా ఏళ్ళపాటు ఇక్కడ కరెంటు చవక. నెలకు మొదటి 3,000 యూనిట్ల దాకా యూనిట్టుకు 10 బైసాలే. మిగతా ఖర్చు ప్రభుత్వం భరించేది. చమురు ధర పడిపోయి, అప్పులు పెరిగాక అది సాగలేదు. 2017లో పెద్ద వ్యాపార, పారిశ్రామిక వాడకందార్లకు అసలు ఖర్చును బట్టి రేటు వేశారు. 2021 జనవరి 1 నుంచి ఇళ్ళ మీది రాయితీని కూడా మెట్టుమెట్టుగా తగ్గించడం మొదలుపెట్టారు. ఉన్న రాయితీ ముఖ్యంగా ఈ దేశ పౌరుల ఇళ్ళకు చెందాలన్నారు. ఏ ప్రభుత్వమైనా ముందు తన ప్రజలను చూసుకుంటుంది, దానికి మనం నొచ్చుకోనక్కర లేదు. అదే ఏడు ఏప్రిల్ 16 నుంచి 5 శాతం విలువ ఆధారిత పన్ను వచ్చింది. బిల్లు మీద అదొకటి.

లెక్క చూడండి. ఒకటిన్నర టన్నుల పాత ఏసీ నడుస్తున్నంతసేపు గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు కాలుస్తుంది. రోజుకు పది గంటలంటే నెలకు 450 యూనిట్లు. ఇంట్లో మూడుంటే 1,350. యూనిట్టు 10 బైసాలైతే పదమూడున్నర రియాళ్ళు. రేటు 20 బైసాలైతే ఇరవై ఏడు. ఇప్పుడు మీ రేటు ఎంతో మీ బిల్లు మీదనే ఉంటుంది, చూసి గుణించుకోండి. పెద్ద జీతగాడికి ఈ తేడా లెక్కలోది కాకపోవచ్చు. కాని ఊరికి డబ్బు పంపి, అద్దె కట్టి, బడి ఫీజు కట్టి మిగిలిన దానితో ఇల్లు నడిపే వారికి అది నెల చివరి వారం.

ఇక మేము ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట. బిల్లు పెరిగినప్పుడు ఇంట్లో మొదట ఏసీ మానుకునేదెవరు? మగవారు ఆఫీసులో చల్లగా ఉంటారు. పిల్లలు బడిలో ఉంటారు. ఇంట్లో మిగిలేది పెద్దవాళ్ళు, పసిపిల్లతో ఉన్న కోడలు. మాకు తెలిసిన ఒక ఇంట్లో, ఊరి నుంచి వచ్చిన మామ్మగారు అందరూ బయటికి వెళ్ళగానే ఏసీ ఆపేసి, సాయంత్రం వాళ్ళు వచ్చే వేళకు మళ్ళీ వేసేది. “ఒక్కదాని కోసం ఎందుకమ్మా అంత కరెంటు” అనేది. కొడుకుకు భారం కాకూడదని ఆమె ప్రేమ. ఒకనాడు మధ్యాహ్నం కోడలు ముందుగా ఇంటికి రాబట్టి సరిపోయింది. అప్పటికే ఆమెకు మాట తడబడుతున్నది.

మన నేలకు వడదెబ్బ కొత్త కాదు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. అందులో ముసలివారు, ఎండలో కూలిపని చేసేవారు ఎక్కువ. కాబట్టి పొదుపు చేయవలసినదే గాని, అది పెద్దవాళ్ళ ఒంటి మీద చేయరాదు. ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్నవారి గది చల్లగా ఉండాలి. తగ్గించుకోవలసినవి ఆ తర్వాత చూసుకోవాలి.

మరి తగ్గించడం ఎట్లా? మన అమ్మమ్మల ఇళ్ళ విద్య కొంత పనికివస్తుంది, కొంత రాదు. వట్టివేళ్ళ తడకకు నీళ్ళు చల్లితే నిజ్వాలోనో ఇబ్రీలోనో పొడిగాలికి హాయిగా ఉంటుంది. మస్కట్ ఉక్కలో అదే తడక గది తేమను ఇంకా పెంచుతుంది. మట్టికూజా కూడా అంతే, ఇక్కడ నీళ్ళు అంతగా చల్లబడవు. మజ్జిగ, సబ్జా నీళ్ళు, నిమ్మరసంలో ఉప్పు, చద్దన్నం మాత్రం ఎక్కడైనా పనిచేస్తాయి. అన్నిటికంటే పెద్ద విద్య నీడ. మన పల్లెల్లో శ్రీరామనవమికి చలువ పందిళ్ళు వేసేది అందుకే. ఎండ గోడను, అద్దాన్ని తాకక ముందే ఆపాలి. పడమటి కిటికీకి బయటివైపు తడక గాని, చాప గాని కట్టండి. ఇంటివారు ఒప్పుకోకపోతే లోపల దళసరి తెర వేసి, పగలల్లా మూసి ఉంచండి. తలుపు కింద సందులో పాత గుడ్డ చుట్ట పెట్టండి. ఏసీ ఫిల్టరు రెండు వారాలకొకసారి కడగండి. ఇది పిల్లలు చేయగల పని. ఏసీని 18 మీద పెట్టి దుప్పటి కప్పుకోవడం మానండి. ఒక్కొక్క డిగ్రీ పెంచితే ఇంచుమించు 6 శాతం కరెంటు మిగులుతుందని మన దేశపు ఇంధన పొదుపు సంస్థ లెక్క. అందుకే 2020 జనవరి నుంచి భారతదేశంలో అమ్మే గది ఏసీలు మొదట 24 డిగ్రీల మీదనే మొదలయ్యేలా చేశారు. 25 మీద పెట్టి పైన ఫ్యాను తిప్పితే చాలు.

ఇంకొక కిటుకు ఇక్కడి పాత కాపురస్థులందరికీ తెలుసు, కొత్తగా వచ్చినవారి కోసం చెబుతున్నాము. వేసవిలో డాబా మీది ట్యాంకు నీళ్ళు చేయి పెట్టలేనంత మరుగుతాయి. అప్పుడు గీజరు ఆపేయండి. లోపల నీడన ఉన్న గీజరులో నిలిచిన నీళ్ళే చల్లగా ఉంటాయి. వేడినీళ్ళ కొళాయి తిప్పి స్నానం చేయవచ్చు. కరెంటు మిగులుతుంది, ఒళ్ళూ కాలదు.

ఇక మన ఇళ్ళ గోడలు దాటి చూడవలసిన సంగతి ఒకటున్నది. జూన్, జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించరాదని ఇక్కడి చట్టం. ఆ మూడు గంటలు మన తెలుగు కూలీలు ఎక్కడ కూర్చుంటున్నారు? ఒక గదిలో ఎనిమిదిమంది ఉండే చోట ఏసీ చెడిపోతే ఎవరు బాగుచేయిస్తున్నారు? ఇళ్ళలో పనిచేసే మన కడప, గోదావరి ఆడపడుచులకు చల్లని గది ఉన్నదా? పండుగనాడు వారికి పులిహోర పొట్లం పంపుతున్నాము, సంతోషం. వేసవిలో ఒకసారి వెళ్ళి చూసిరావడం అంతకంటే పెద్ద పండుగ.

మేము కోరేవి మూడే. మొదటిది, నవంబరు నుంచి మార్చి దాకా బిల్లు తగ్గే నెలల్లో మిగిలిన దాన్ని చీరల దుకాణానికి అర్పించకుండా, వేసవి కోసం ఒక డబ్బాలో వేయండి. చలిదేశాలవారు వేసవిలో గ్యాసుకు దాచినట్లు మనం చలికాలంలో కరెంటుకు దాచుకోవాలి. రెండవది, ఒకే భవనంలో, ఒకే వీధిలో ఉన్న నాలుగు కుటుంబాలు వంతులు వేసుకోండి. మధ్యాహ్నం నాలుగిళ్ళలో నాలుగు ఏసీలు తిరగనక్కర లేదు. రోజుకొక ఇంట్లో పెద్దవాళ్ళంతా చేరితే ఒక ఏసీ చాలు. పైగా మామ్మలకు కబుర్లు, పిల్లలకు కథలు, తెలుగు అక్షరాలు. ఇంగ్లండువారు వెచ్చని గదులు తెరిచారు. చలివేంద్రం పెట్టడం పుణ్యమని నమ్మే జాతి మనది, చల్లని గది తెరవలేమా? మన సంఘం వారు కూడా హాలు దొరికిన శుక్రవారాల్లో ఈ పని చేయాలని మనవి. మూడవది, ఎవరికైనా మాట తడబడితే, ఒళ్ళు కాలిపోతూ తెలివి తప్పుతుంటే, నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా తడిపి విసరుతూ, వెంటనే 9999కు ఫోను చేయండి. స్పృహ లేనివారికి నీళ్ళు పోయవద్దు. బిల్లు సంగతి తర్వాత.

ఖర్చు పెరిగిందని భార్యాబిడ్డలను ఊరికి పంపి ఒంటరిగా మిగిలిపోయిన వారు మనలో ఉన్నారు. అది ఎంత బరువో వారికే తెలుసు. ఒక ఇంటి బరువు నాలుగిళ్ళు పంచుకుంటే, వచ్చే ఏడు అట్లా విడిపోయే కుటుంబాలలో ఒకటి రెండైనా కలిసి ఉండవచ్చునని మా ఆశ.

రేపు ఇంటికి వెళ్ళగానే పక్కింటి తలుపు తట్టి, మీ ఇంట్లో పగలు ఎవరు ఒంటరిగా ఉంటారమ్మా అని అడగండి. అక్కడి నుంచి మొదలుపెడదాము.