చదరంగపు గళ్ళలోని పెద్ద సంఖ్య



చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక బియ్యపుగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు - ఇట్లు రెట్టించుచు 64 గళ్ళును నింపినచో మొత్తమెంత? 18446744073709551615. ఇరువది అంకెలు!

పావులూరి మల్లన పేరున ప్రసిద్ధమైన తెలుగు పద్యమొకటి దీనిని పొల్లుపోకుండ చెప్పుచున్నది. మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెనిగించిన కవి మల్లన. పద్యమున అంకెలుండవు. బాణములనగా ఐదు, చంద్రుడనగా ఒకటి, వేదములనగా నాలుగు, ఆకాశమనగా సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు వ్రాసికొని పోవలెను. తాటాకు నకలులో అంకె చెడుట సులభము; పద్యములో మాట చెడినచో చాలవరకు ఛందస్సే పట్టి యిచ్చును.

లెక్కలోనే మరియొక కాపు కలదు. అంకెలన్నియు కూడిన 87. అది మూడుచే భాగింపబడును గనుక సంఖ్యయు భాగింపబడును. ఏ అంకెయైనను ఒకటి పెరిగినను తగ్గినను ఈ పరీక్షకు నిలువదు.

ఇక ఆ బియ్యమును సికిందరాబాదు స్టేషనులో గూడ్సు కెక్కింపవలెననుకొందము. కిలోకు 50 వేల గింజలైనచో, సగము బల్లకు 86 టన్నులే. 60 టన్నుల పెట్టెలు రెండు చాలును. పూర్తి బల్లకో, అట్టి పెట్టెలు ఏబదేసి గల బండ్లు 12 కోట్లకు పైగా కావలెను! ఏలయన, సగము బల్ల గింజల సంఖ్యను దానికంటె రెండెక్కువైన సంఖ్యచే గుణించిననే పూర్తి మొత్తము వచ్చును.

ఆ రెండెక్కువైన సంఖ్య 4294967297. అది ఏ సంఖ్యచేతను భాగింపబడని ప్రధానసంఖ్యయని ఫ్రెంచి పండితుడు ఫెర్మా నమ్మెను. 1732లో ఆయిలర్ దానిని 641చే భాగించి చూపెను. కావున మల్లన సంఖ్యయు 641చే శేషము లేక పోవును. పలక, బలపము ఉన్నవారు ఇంటికడ చేసి చూడవచ్చును.