ఇంటి నుంచి పంపిన ఫ్యాక్స్



కంప్యూటర్ గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. నాకు తెలిసింది ఫైలు కట్టడమే. అయినా 1998లో బ్రాడీపేటలోని మా ఇంట్లో మా అబ్బాయి కంప్యూటర్, స్కానర్, మోడెమ్ పెట్టినప్పటి సంగతి చెబుతాను.

సర్వీసులో ఉండగానే పోయిన మా సెక్షన్ మిత్రుడి భార్యకు ఫ్యామిలీ పెన్షన్ ఆగింది. నామినేషన్ పేజీ నకలు తెల్లారేసరికి హైదరాబాదులో ఉండాలి. ఫ్యాక్స్ బూతులు కట్టేశారు. చెల్లెమ్మ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది.

స్కానర్ కాగితాన్ని బొమ్మ తీస్తుంది. మోడెమ్ దాన్ని కూతలుగా మార్చి టెలిఫోను తీగ మీద పంపుతుంది. ఫ్యాక్స్‌కు తెలిసినవి నలుపు, తెలుపు రెండే! ధ్రువీకరించిన అధికారిగారి లేత నీలం సంతకం దాని కంటికి ఆనలేదు. ముదురు పెంచి మళ్లీ తీశాం. సగం వెళ్లాక మా ఆవిడ లోపలి గదిలో రెండో ఫోను ఎత్తింది, లైను తెగింది. మూడోసారికి వెళ్లింది. ఎస్టీడీ పావు రేటు వేళ గనక ఖర్చు తక్కువే.

పెన్షన్ వచ్చింది. రెండేళ్లకు బకాయిల లెక్క తీస్తే, ఫైల్లో ఆ పేజీ తెల్లగా ఉంది. వేడికి నల్లబడే ఆ చుట్ట కాగితం మీది అక్షరాలు వెలిసిపోతాయి. ఏటీఎం చీటీ కూడా అదే జాతి. అందిన రోజే జిరాక్సు తీసి ఫైల్లో పెట్టమని పైన ఒక్క వాక్యం రాయాల్సింది. అన్నేళ్ల గుమాస్తాను, రాయలేదు. కొత్త నకలు తెచ్చేసరికి ఆవిడకు మరో ఎనిమిది నెలలు పట్టింది.

ఆ చెల్లెమ్మ ఇవాళ ముందు వరుసలోనే ఉంది. ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు.