సభాసదుని బాధ్యత
(పోలవరంలో భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



అధికారులు, న్యాయవాదులు, నాయకులు, ధర్మకర్తలు ఎలా నడుచుకొంటున్నారో సామాన్యుడు ప్రశ్నించవచ్చునా? దేవుని సన్నిధిలో ఈ ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. కాని దీనికి సమాధానం మహాభారత సభాపర్వంలోనే ఉన్నది.

కురుసభలో ద్రౌపది ధర్మసందేహం అడిగింది. ధర్మం సూక్ష్మమైనదన్నాడు భీష్ముడు. వికర్ణుడు తప్ప తక్కినవారు నోరు మెదపలేదు. అప్పుడు విదురుడు ఒక పూర్వకథ చెప్పాడు. ప్రహ్లాదుని కుమారుడైన విరోచనునికీ, సుధన్వుడనే బ్రాహ్మణునికీ తమలో ఎవరు అధికులని వివాదం పుట్టింది. ఇద్దరూ ప్రాణాలు పణంగా పెట్టి ప్రహ్లాదునే తీర్పు అడిగారు. ఆయన కశ్యపుని ఆశ్రయించగా ఆ మహర్షి ఇలా బోధించాడు: నిందింపదగినదానిని నిందింపని సభలో పాపంలో సగం సభాధ్యక్షునికి, పాతిక చేసినవానికి, పాతిక చూస్తూ కూర్చున్నవారికి చెందుతుంది. నిందిస్తే మాత్రం పాపమంతా చేసినవానిదే. అది విని ప్రహ్లాదుడు కన్నకొడుకు ఓడినట్లే తీర్పు చెప్పాడు.

ఈ ధర్మాన్ని మన గోదావరి తీరంలో ఆచరించి చూపినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఆయనా నావలె తెలుగు పండితుడే. చేతిలో అధికారమేదీ లేదు. 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి లంచగొండి ఉద్యోగులను, కక్షిదారులను పీడించే వకీళ్ళను అందులో ఎండగట్టారు. కోర్టులలోని అక్రమాలపై ‘వ్యవహార ధర్మబోధిని’ అనే నాటకమూ రచించారు. 1881లో ఆయన జరిపించిన వితంతు వివాహాన్ని సంప్రదాయజ్ఞులు అంగీకరించలేదు. అయినా లంచం తప్పని చెప్పడానికి ఏ శాస్త్రభేదం అడ్డువస్తుంది?

ఇప్పుడు నా తప్పొకటి చెప్పుకోవాలి. ఎన్నో ఏళ్ళ క్రితం ఒక దేవాలయ వార్షిక సభకు ఆశీర్వచనానికి వెళ్ళాను. ఒక వృద్ధురాలు లేచి, “నాయనా, అఖండదీపానికి నేను రాసిచ్చిన ఎకరం మీద కౌలు ఎంత వచ్చింది?” అని అడిగింది. వేదికపై ఉన్నవారు నవ్వారు. నేను దక్షిణ అందుకొని, ఆశీర్వచనం చదివి ఇంటికి వచ్చాను. ఆ తల్లి మళ్ళీ ఆ గుడి మెట్లెక్కలేదని తరువాత తెలిసింది. కశ్యపుడు చెప్పిన పాతిక పాపం నాది.

నేడు ప్రశ్నకు చట్టబలం కూడా ఉన్నది. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ కార్యాలయం సాధారణంగా 30 రోజులలో సమాధానమివ్వాలి. 2013 భూసేకరణ చట్టం పునరావాసంపై గ్రామసభను సంప్రదించి సామాజిక తనిఖీ జరపాలంటున్నది. ఈ పోలవరం ప్రాజెక్టు కోసం ఇల్లూ పొలమూ విడిచిన కుటుంబాలకు ఆ మాట ఎంత విలువైనదో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ప్రశ్నకూ నియమమున్నది. పుకారును ప్రమాణంగా తీసుకోరాదు. చాటున కాక సభలోనే అడగాలి. పొరపాటని తేలితే అక్కడే ఒప్పుకోవాలి. పరాయివానికి పట్టిన తూకమే మనవానికీ పట్టాలి. ప్రహ్లాదుడు నేర్పినది ఇదే.

చివరగా ఈ ట్రస్టువారికే నా విన్నపం. హుండీ లెక్కింపునకు భక్తులను కూర్చోబెట్టండి. శాశ్వత పూజల నిధుల జమాఖర్చులు ఏటా ఈ వేదిక మీద చదివి వినిపించండి. దాతలారా, ఆ రోజున తప్పక రండి. సందేహముంటే లేచి అడగండి. అడిగినవారిని చూసి ఎవరైనా నవ్వితే, ఈసారి ఈ ముసలివాడు మౌనంగా ఉండడు.

లోకాః సమస్తాః సుఖినో భవంతు. స్వస్తి.