సిమ్లా బీట్: మరుగున పడి మళ్లీ మోగిన పాటలు

1960ల చివర్లో ఇంపీరియల్ టొబాకో, అంటే నేటి ఐటీసీ, తన సిమ్లా సిగరెట్ల ప్రచారం కోసం కుర్రకారు రాక్ బృందాలకు పోటీలు పెట్టింది. వాటి పేరే సిమ్లా బీట్. 1970లో ఒకటి, 1971లో ఒకటి, పోటీ బృందాల పాటలతో రెండు ఎల్పీ రికార్డులు వచ్చాయి. షిల్లాంగ్ నుంచి ఫెంటోన్స్, కలకత్తా నుంచి గ్రేట్ బేర్, మద్రాసు నుంచి కన్‌ఫ్యూజన్స్ వాటిలో వినిపిస్తాయి.

అప్పట్లో పాశ్చాత్య పాటలు వినాలంటే హైదరాబాద్‌లోనైనా, షిల్లాంగ్‌లోనైనా రేడియో సిలోనే పెద్ద దిక్కు. దిగుమతి ఆంక్షల వల్ల మంచి గిటార్, ఆంప్లిఫయర్ దొరకడం గగనం. అయినా ఈ కుర్రాళ్లు సైకెడెలిక్ రాక్ పోకడను ఇట్టే పట్టేశారు. గిటార్ స్వరం బొంగురుగా చీలి గరగరలాడుతుంది, గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంటుంది. సాహిత్యం ఇంగ్లీషులోనే. రికార్డింగ్ మోటుగానే ఉంటుంది, కానీ ఆ ఊపు మాత్రం అచ్చమైనది.

సినిమా పాటల హోరులో ఈ బృందాలకు మార్కెట్ లేకపోయింది. ఎల్పీలు పాత రికార్డుల సేకర్తల చేతుల్లోనే మిగిలాయి. దశాబ్దాల తర్వాత జర్మనీకి చెందిన క్యూడీకే మీడియా ఆ రెండింటినీ కలిపి మళ్లీ విడుదల చేసింది. ఈ కోవలోనే బొంబాయి బృందం అటామిక్ ఫారెస్ట్ పాటలను అమెరికా సంస్థ నౌ-అగైన్ వెలికితెచ్చింది. మన దేశంలో పుట్టిన ఈ సంగీతాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చింది విదేశీ సంస్థలే కావడం బాధాకరం. ఇప్పుడిప్పుడే ఇక్కడి శ్రోతలూ వీటిని వెతికి వింటున్నారు.