మోకాళ్ళ నొప్పి మాత్రలు, మన కిడ్నీలు

(ఆలయ హాలులో జరిగిన ఆరోగ్య కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

హారతి అయింది, ప్రసాదాల వరుస ఇంకా మొదలవలేదు. ఈ మధ్యలో నాకు పది నిమిషాలిచ్చారు. మా ఇంట్లో జరిగినదే చెబుతాను.

మూడేళ్ళ క్రితం మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. అప్పటికి 72 ఏళ్ళు. బీపీకి తెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రోజూ వేసుకుంటారు. ఇక్కడి చలికి మోకాళ్ళు పట్టేశాయి. పెట్టెలో తెచ్చుకున్న వోవరాన్ పూటకొకటి వేసుకోవడం మొదలుపెట్టారు. నాకు చెప్పలేదు. "నొప్పి మాత్రే కదమ్మా, దానికి కూడా నీకు చెప్పాలా" అన్నారు తరవాత. ఇంతలో వైకుంఠ ఏకాదశి వచ్చింది. ఆ రోజు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మర్నాడు ద్వాదశి పారణ వేళకు మంచం మీంచి లేవలేకపోయారు. మూత్రం బాగా తగ్గింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.8. బయలుదేరే ముందు అక్కడ చేయించినప్పుడు అది 1.1. నేను కిడ్నీ డాక్టర్ని. నా ఇంట్లోనే ఇలా జరిగింది.

ఎందుకలా అయింది? ఒంట్లో నీరు తగ్గినప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచుతాయి. మోకాలిలో నొప్పినీ వాపునీ పెంచేవీ అవే. ఈ మాత్ర వాటి తయారీని ఆపుతుంది. నొప్పీ తగ్గుతుంది, కిడ్నీకి అందే రక్తమూ తగ్గుతుంది. నాన్నగారి బీపీ మాత్రలోని తెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. రెండో మందు ఒంట్లోని నీటిని మూత్రంగా పంపేస్తుంది. పై తూము మూసి, కింది తూము తెరిచి, చెరువులో నీళ్ళూ తగ్గిస్తే మడిలో ఏం నిలుస్తుంది? ఉపవాసం మిగతా పని చేసింది.

అలాగని బీపీ మాత్రలు మానేయకండి. కిడ్నీని ఏళ్ళ తరబడి కాపాడేవి అవే. మానాల్సింది నొప్పి మాత్ర. ఉపవాసం వద్దని కూడా నేననను. నీళ్ళు తాగండి, ఆ రోజు ఈ మాత్రల జోలికి పోకండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లోనూ అంతే.

పేర్లు గుర్తుపెట్టుకోండి. ఇక్కడ అడ్విల్, మోట్రిన్, అలీవ్. అక్కడినుంచి వచ్చేవి వోవరాన్, కాంబిఫ్లామ్, జీరోడాల్, నైస్. కొన్ని జలుబు మందుల్లో కూడా ఐబుప్రొఫెన్ ఉంటుంది, డబ్బా వెనక చదవాలి. ఆటలో కాలు బెణికిన కుర్రాడు రెండు రోజులు అడ్విల్ వేసుకుంటే సాధారణంగా ఏమీ కాదు. భయం పెద్దవాళ్ళకీ, బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకీ. గర్భిణులు 20 వారాలు దాటాక డాక్టరు చెప్పనిదే వీటిని వేసుకోకూడదని ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది, కడుపులో బిడ్డ కిడ్నీలకు ప్రమాదం కాబట్టి. డాక్టరు రాసిచ్చిన చిన్న మోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు, దాన్ని మీ అంతట మీరు ఆపకండి.

మరి నొప్పికి ఏం చేయాలి? టైలెనాల్, డోలో ఈ జాతివి కావు. రోజుకు మూడు గ్రాములు దాటకుండా వాడుకోవచ్చు. కాలేయం జబ్బున్నవాళ్ళు, మద్యం అలవాటున్నవాళ్ళు ముందు అడగాలి. మోకాలికి వోల్టారెన్ జెల్ రాసుకుంటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అయినా కిడ్నీ ఇప్పటికే దెబ్బతిన్నవాళ్ళు దానికీ డాక్టర్నడగండి. తొడ కండరాలకు వ్యాయామం మాత్రం తప్పనిసరి. అది నేర్పేవాళ్ళ దగ్గరికి నాన్నగారు గొణుక్కుంటూనే వెళ్ళారు.

కిడ్నీ దెబ్బతింటున్నా సాధారణంగా నొప్పి తెలియదు. అందుకే రక్తంలో క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి. మాత్ర ఆపి, సెలైన్ పెట్టాక నాన్నగారి క్రియాటినిన్ మూడు వారాల్లో 1.3కి దిగింది. మళ్ళీ 1.1కి రాలేదు.

ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చి ఉంటే వాళ్ళ మందుల సంచి ఒకసారి విప్పి చూడండి. ప్రసాదం అయ్యాక చెప్పుల అరల పక్కన టేబుల్ దగ్గరే ఉంటాను, ఆ సంచీ తీసుకుని రండి.