ఎర్ర జెండా దగ్గర మన పొరుగువాడు

(రేడియో సందేశము)

ధ్యాన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:28–34

మీలో కొందరు ఇంటిలో కూర్చుండి ఈ సందేశము వినుచున్నారు. కొందరు బండిలో ప్రయాణము చేయుచు వినుచున్నారు. ప్రయాణములో ఉన్నవారికి ముందుగా ఒక మనవి. మీ బండి ఎంత వేగముగా పోవుచున్నదో ఒక్కసారి చూచుకొనండి. ఈ దినము మనము ధ్యానించబోవు సంగతి దానిని గూర్చినదే.

నాకు జరిగిన ఒక సంగతి చెప్తాను. ఇది సాక్ష్యము కాదు, ఒప్పుకోలు. కొన్ని సంవత్సరముల క్రితము ఒక పల్లెలో సాయంకాల కూటములో వాక్యము చెప్పుటకు కారులో వెళ్ళుచున్నాను. అప్పటికే ఆలస్యమైపోయినది. దారిలో ఒకచోట రోడ్డు వెడల్పు చేయు పని జరుగుచున్నది. పనివారు ఉన్నారు, నిదానముగా వెళ్ళండి అని దూరముననే బోర్డు కనబడినది. నేను చదివాను. చదివి కూడ వేగము తగ్గించలేదు. దేవుని పనిమీద వెళ్ళుచున్నాను గదా, ఆయనే చూచుకొంటాడు అనుకొన్నాను.

మలుపు తిరిగేసరికి ఎదుట ఎర్ర జెండా పట్టుకొని ఒక స్త్రీ నిలువబడియున్నది. గట్టిగా బ్రేకు వేశాను. కంకరమీద కారు జారి, అడ్డముగా పెట్టిన ప్లాస్టిక్ కోన్లు రెండింటిని ఎగురగొట్టి, ఆమెకు నాలుగు అడుగుల దూరములో ఆగినది. ఆమె వెనుక, తారు డ్రమ్ము నీడలో, పాత చీర పరచి ఒక పసిబిడ్డను పండబెట్టియున్నారు.

ఆమె నన్ను తిట్టలేదు. "సారూ, జెర నిమ్మలంగ పోరాదు? మా పిల్లలు గీడనే ఉన్నరు" అన్నది. అది పాలమూరు వైపు మాట. ప్రియులారా, పాలమూరు కూలీలంటే మనకు తెలియనివారు కారు. ఊరు విడిచి, దేశమంతట తిరిగి, ఆనకట్టలును కాలువలును రోడ్లును కట్టిన చేతులు వారివి. మనము హాయిగా ప్రయాణము చేయు దారి వేసినవారు వారే.

నా కారు వెనుక అద్దముమీద ప్రభువు నామము వ్రాసిన స్టిక్కరు ఉన్నది. ఆమె దానిని చదువకుండిన బాగుండును అనుకొన్నాను. ఆ సాయంకాలము నేను ప్రసంగించిన అంశమేమిటో తెలుసా? మంచి సమరయుడు. ఆ కథలో యాజకుడు గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయాడు. నేనైతే మీదికే పోబోయాను.

ఆ దినమున నాకు ఎవరూ చలానా వ్రాయలేదు. అప్పుడు అది నా అదృష్టమనుకొన్నాను. ఇప్పుడు అలాగు అనుకొనుట లేదు.

తరువాత ఒక వేసవిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో ఉన్న మా బావమరిది ఇంటికి వెళ్ళాను. ఆ డెట్రాయిట్ ప్రాంతములో మన తెలుగు కుటుంబములు చాల ఉన్నవి. ఒకనాడు డెట్రాయిట్ నుండి లాన్సింగ్ వైపు పోవు పెద్ద రహదారిమీద అతడు 70 మైళ్ళ వేగముతో కారు నడుపుచున్నాడు. నారింజ రంగు బోర్డులు కనబడగానే 45కు తగ్గించాడు. ఆ బోర్డులలో ఒకదానిమీద పనివానిని గాయపరచినను చంపినను 7,500 డాలర్లు, 15 సంవత్సరములు అని వ్రాసియున్నది. అనగా మన డబ్బులో ఆరు లక్షల రూపాయలకు పైగా జరిమానా, పదునైదు ఏండ్ల వరకు జైలు. పని జరుగు చోట చేసిన తప్పుతో మనిషి మరణించితే ఆ రాష్ట్ర చట్టములోని గరిష్ఠ శిక్ష అది. "ఇక్కడ రోడ్డు పని జరిగే చోట మామూలు ఫైన్లు కూడా రెట్టింపే, బావగారూ" అన్నాడు. ఆ దేశములో ఇంకను అనేక రాష్ట్రములలో ఇట్టి చట్టమే ఉన్నది.

"అయితే ఫైన్ కోసమే తగ్గించావా?" అని అడిగాను. అతడు కొంచెము ఆగి, "మొదట్లో ఫైన్ కోసమే. ఒకసారి డ్రమ్ముల అవతల వంగి పని చేసుకుంటున్న ముసలాయన్ను చూశాను. నాన్నలాగే ఉన్నాడు. అప్పట్నుంచి బోర్డు చూస్తే ఆయనే గుర్తొస్తాడు" అన్నాడు.

ప్రియ సహోదరుడా, సహోదరీ, ఈ భారమైన జరిమానాలను గూర్చి దేవుని వాక్యము ఏమి నేర్పుచున్నది? మూడు సంగతులు చూద్దాము.

మొదటిది, పిట్టగోడ. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, కొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని దేవుడు ఆజ్ఞాపించాడు. అది లేక ఎవరైనను పడి చనిపోయినయెడల ఆ రక్తాపరాధము ఇంటివానిమీద ఉండును. ఆ దినములలో మిద్దెమీద జనులు కూర్చుండేవారు, పండుకొనేవారు, ప్రార్థన చేసేవారు. మనిషి పడిన తరువాత ఏడ్చుట కాదు, పడకముందే గోడ కట్టుట ప్రేమ అని దేవుడు నేర్పుచున్నాడు.

రోడ్డుమీద పని చేయువాని స్థితి ఆలోచించండి. అతని వీపు మన బండివైపు ఉన్నది. యంత్రముల చప్పుడులో మన హారన్ అతనికి వినబడదు. దారి ఇరుకైనది, ప్రక్కకు తప్పించుటకు స్థలము లేదు, క్రింద కంకర జారును. 80 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్క సెకనులో 22 మీటర్లు పోవును. ముప్పు చూచి కాలు బ్రేకుమీదికి వచ్చుటకే దాదాపు ఒక సెకను పట్టును. వేగము రెట్టింపైతే, బ్రేకు పడిన తరువాత బండి ఆగుటకు కావలసిన దూరము నాలుగు రెట్లగును. ఇంతకన్న వివరము అక్కరలేదు గదా.

అందుకే మన దేశములో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పని జరుగు చోటును భాగములుగా ఏర్పరచినది. ముందు హెచ్చరిక భాగము, తరువాత దారి మళ్ళించు భాగము, తరువాత పని జరుగు భాగము, చివర మరల మామూలు దారిలో కలియు భాగము. మొదటి బోర్డు దగ్గరనే వేగము తగ్గవలెను, జెండా దగ్గర కాదు. ఆ బోర్డు, ఆ కోన్లు, ఆ డ్రమ్ములు, ఆ ఎర్ర జెండా, వాటి వెనుకనున్న జరిమానా, ఇవన్నియు ప్రాణమునకు కట్టిన పిట్టగోడ.

ఆ గోడ నీకు కూడ కాపుదల. అమెరికాలో 2022వ సంవత్సరములో రోడ్డు పనులు జరుగు చోట్ల 891 మంది మరణించారు. వారిలో అధిక సంఖ్యాకులు పనివారు కారు, వాహనములలో ఉన్నవారే. తొందరపడినవాడు తానే చనిపోవుచున్నాడు, తన ప్రక్కన కూర్చున్న భార్యాబిడ్డలను తీసికొనిపోవుచున్నాడు.

రెండవది, పొడిచే ఎద్దు. నిర్గమకాండము 21వ అధ్యాయము చూడండి. ఒకని ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దును చంపవలెను, యజమాని నిర్దోషి. అయితే ఆ ఎద్దు ఇదివరకే పొడిచేదై, ఆ సంగతి యజమానికి తెలియజేసినను అతడు దానిని కట్టివేయకపోతే, అప్పుడు యజమానియు మరణపాత్రుడు. ఎద్దు ఒకటే, గాయము ఒకటే. శిక్ష ఎందుకు మారినది? హెచ్చరిక అందినది గనుక.

పని జరుగు చోట జరిమానా ఎందుకు రెట్టింపు అని అడుగువారికి జవాబు ఇదే. బోర్డు అనగా హెచ్చరిక. బోర్డు చదివిన తరువాత ఎవరును నాకు తెలియదు అని చెప్పలేరు. నేను ఆ దినమున బోర్డు చదివాను. కాబట్టి నేను ఆ రెండవ యజమానిని.

మన దేశములో మోటారు వాహనముల చట్టము 184వ సెక్షను ప్రమాదకరముగా బండి నడుపుటను గూర్చినది. అది ప్రమాదకరమా కాదా అని నిర్ణయించుటకు ఆ స్థలము ఎటువంటిది, దాని స్థితి ఏమిటి, అక్కడ రాకపోకలు ఎంత అని చూడవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. ఖాళీ రోడ్డుమీద సాధారణమైన వేగము కూలీల మధ్య నేరము కాగలదు. పూర్వము మొదటి తప్పుకు జరిమానా 1,000 రూపాయల వరకే ఉండెడిది. 2019లో చట్టము సవరింపబడి, మొదటి తప్పుకు 1,000 నుండి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా ఆరు నెలల నుండి ఒక సంవత్సరము వరకు జైలు, లేదా రెండును అని నిర్ణయమైనది. మూడు సంవత్సరములలోగా మరల చేస్తే జరిమానా 10,000, జైలు రెండు సంవత్సరముల వరకు. చేతిలో ఫోను పట్టుకొని నడుపుట, ఎదురు దారిలో వచ్చుట, నియమము తప్పి ముందు బండిని దాటుట కూడ దీనిలోనివే.

మూడవది, కప్పని గొయ్యి. అదే అధ్యాయములో, గొయ్యి త్రవ్వి దానిని కప్పకపోయినవాడు, అందులో పడి చచ్చిన పశువునకు నష్టము అచ్చుకొనవలెనని ఉన్నది. పశువు విషయములోనే దేవుడు అంత పట్టింపుగా ఉంటే మనిషి విషయములో ఎంత! మన సంఘములలో కాంట్రాక్టర్లు ఉన్నారు, ఇంజనీర్లు ఉన్నారు. సహోదరుడా, ఈ మాట నీకు. రాత్రివేళ దీపము లేని మళ్ళింపు, మెరిసే పట్టీ అంటించని డ్రమ్ము, బోర్డు లేని త్రవ్వకము, ఇవి కప్పని గోతులు. 2019 సవరణలో 198ఏ అను సెక్షను చేర్చి, రోడ్డు నిర్మాణములో భద్రతా ప్రమాణములు పాటించనివారికి లక్ష రూపాయల వరకు జరిమానా పెట్టారు. డ్రైవరు మాత్రమే కాదు, త్రవ్వినవాడును లెక్క అప్పగించవలెను.

కొందరు, "అయ్యగారూ, పేద ఆటో డ్రైవరు ఐదు వేలు ఎక్కడనుండి తెచ్చును?" అని అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్న. ఆ డబ్బు అతని ఇంటిలో బియ్యము, బిడ్డల బడి ఫీజు. దానిని నేను తేలికగా చెప్పుట లేదు. అయితే జెండా పట్టుకొన్న ఆ తల్లికి రోజు కూలి తప్ప మరేమి ఉన్నది? ఆమె చుట్టు ఇనుప కారు లేదు, సీటు బెల్టు లేదు. చట్టము ఇద్దరిలో బలహీనుని ప్రక్కన నిలువవలెను. మరియు డబ్బున్నవానికి ఐదు వేలు జేబులోని చిల్లర. అతనిని జరిమానా ఆపలేదు, మనస్సాక్షి ఆపవలెను.

ఇంకొక మాట. పట్టుబడినప్పుడు రసీదు లేకుండ సగము డబ్బు చేతిలో పెట్టి తప్పించుకొనువారు మన సంఘములలో లేరా? ఆ లంచము పిట్టగోడలో నుండి మనము ఊడబెరికే ఇటుక. ఆ సందులోనుండి రేపు పడేది ఎవరి బిడ్డయో!

రోమా 13వ అధ్యాయములో అపొస్తలుడైన పౌలు, శిక్షకు భయపడి మాత్రమే కాక మనస్సాక్షినిబట్టి కూడ అధికారములకు లోబడవలెనని బోధించాడు. అదే అధ్యాయములో ప్రేమగలవాడు పొరుగువానికి హాని చేయడని చెప్పుచున్నాడు. ఈ రెండును కలిపి చదవండి. జరిమానా కెమెరా ఉన్నచోట మన కాలును ఆపును. ప్రేమ కెమెరా లేనిచోట కూడ ఆపును.

మన పాప ఋణమును క్రీస్తు సిలువలో తీర్చాడు. అది నిజము. తీర్చాడు గనుక ఇష్టమువచ్చినట్లు నడపవచ్చునా? జక్కయ్య క్షమాపణ పొందిన దినముననే తాను అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగింతలు ఇచ్చెదనన్నాడు. కృప పొందినవాడు పొరుగువాని నష్టమును తేలికగా చూడలేడు.

కాబట్టి ఈ వారము ఇవి చేయండి. పది నిమిషములు ముందు బయలుదేరండి. మొదటి బోర్డు దగ్గరనే వేగము తగ్గించండి. దారి ఇరుకైనచోట ముందు బండిని దాటకండి. ఫోను ప్రక్కన పెట్టండి. సేవకులారా, కూటములకు ఆలస్యమైతే పాట ఇంకొకటి పాడించండి గాని డ్రైవరును తొందరపెట్టకండి. మీ ఊరి దగ్గర రోడ్డు పని జరుగుచుంటే సంఘముగా వెళ్ళి ఆ కూలీలకు మజ్జిగ ఇవ్వండి, వారి పేర్లు అడగండి. పేరు తెలిసినవాని ప్రక్కనుండి ఎవరును వేగముగా పోలేరు.

ఆ కూటములైన తరువాత వారమునకు, క్షమించమని అడుగుటకు నేను ఆ మలుపు దగ్గరకు వెళ్ళాను. పని ముందుకు జరిగిపోయినది, గుడిసెలు తీసివేశారు, ఆమె లేదు. ఆ బిడ్డ ఇప్పుడు పెద్దదై ఉండును. నేను చెప్పవలసిన మాట చెప్పలేకపోయాను. అందుచేత ఎక్కడ ఎర్ర జెండా కనబడినను కారు నెమ్మదిచేసి, అద్దము దించి, ఆ పట్టుకొన్నవారికి చేతులెత్తి నమస్కారము చేయుచున్నాను. మీరును చేస్తారా?

ప్రార్థన చేసికొందాము. పరలోకమందున్న మా తండ్రీ, మా తొందరలో మేము చూడక పోయిన మనుష్యులనుబట్టి మమ్మును క్షమించుము. ఎండలోను రాత్రివేళను రోడ్లమీద పని చేయు నీ బిడ్డలను కాపాడుము. బండ్లు నడుపుచున్న వారికి నిదానమైన మనస్సు దయచేయుము. చట్టము నడిపించువారికి నీతిని, కట్టువారికి జాగ్రత్తను ఇమ్ము. ఎవరును చూడనిచోట కూడ నీవు చూచుచున్నావని జ్ఞాపకము చేసికొని నడుచుకొనుటకు మాకు సహాయము చేయుమని యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.